గోదావరి గట్టు మీదికి ఏం తెచ్చుకోవాలంటే

పిల్లలూ,

సంక్రాంతి సెలవుల్లో గోదావరి గట్టు మీద నీటిరంగుల వర్క్‌షాప్ అనగానే మీలో చాలామంది అడిగిన మొదటి ప్రశ్న, "మాస్టారూ, ఎన్ని రంగుల పెట్టె కొనమంటారు?" అని. ఇరవై నాలుగు రంగుల పెట్టె ధర కనుక్కుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. కాస్త ఆగండి. ఇంట్లో ఇచ్చే డబ్బులో సగానికి పైగా కాగితానికే పెట్టండి. మిగిలిన దాంట్లో రంగులు, కుంచెలు సర్దుకోవచ్చు.

స్కూలు డ్రాయింగు పుస్తకంలోది పెన్సిలుకీ క్రేయాన్లకీ పనికొచ్చే కాగితం. దాని మీద తడి కుంచె పెట్టగానే ఉబ్బిపోయి మిట్టపల్లాలు తేలుతుంది. రంగంతా పల్లాల్లోకి జారి అక్కడే ఆరుతుంది. ఆకాశం వేద్దామని మొదలుపెడితే చారలు మిగులుతాయి. సరిచేద్దామని మళ్ళీ కుంచె ఆడిస్తే పైపొర లేచి ఉండలు కడుతుంది. ఇదంతా చూసి నాకు బొమ్మలు రావని ఊరుకున్న పిల్లలు నాకు చాలామంది తెలుసు. నిజానికి ఆ కాగితం మీద నేను వేసినా అంతే.

కాబట్టి షాపులో 300 జీఎస్ఎం కాగితం అడగండి. చదరపు మీటరు కాగితం 300 గ్రాములు తూగుతుందని దానర్థం. తర్వాత అది దూదితో చేసిందా, కలప గుజ్జుతో చేసిందా చూడాలి. అట్ట మీద '100% కాటన్' అని ఉంటే దూదిది. అది తడిని లోపలికి తీసుకుని నెమ్మదిగా ఆరుతుంది, అందుకే ఆకాశం లాంటి పెద్ద జాగా నింపడానికి మీకు వ్యవధి దొరుకుతుంది. కలప కాగితం తొందరగా ఆరుతుంది. అయితే ఆరిన రంగును తడి కుంచెతో తేలిగ్గా ఎత్తేయొచ్చు కాబట్టి సాధనకి అది మంచిదే. నున్నటిది, ఓ మోస్తరు గరుకుది, బాగా గరుకుది అని మూడు రకాలు దొరుకుతాయి. మధ్యది, అంటే కోల్డ్ ప్రెస్డ్, తీసుకోండి. ఫుల్ షీటు 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటుంది. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 11కి 15. నలుగురు కలిసి ఒక షీటు కొనుక్కుంటే ఎవరికీ భారం కాదు.

కొన్నాక ఇంటి దగ్గర ఒక మూల నీటి చుక్క వేసి చూడండి. రంగుని వెంటనే పీల్చేయకుండా మంచి కాగితానికి జిలటిన్ లాంటి జిగురు పట్టిస్తారు. చుక్క కాసేపు పైన నిలబడితే ఆ జిగురు బాగున్నట్టు. చెమ్మలో ఏళ్ళ తరబడి పడున్న షీట్లలో అది చెడిపోతుంది, చుక్క వెంటనే ఇంకిపోతుంది. అదే కారణానికి రబ్బరుతో గట్టిగా రుద్దకండి, రుద్దిన చోట రంగు మచ్చగా దిగుతుంది.

ఇక రంగులు. ఆరు ట్యూబులు చాలు: లెమన్ యెల్లో, యెల్లో ఆకర్ (మట్టి పసుపు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు), అల్ట్రామెరైన్ (నీలం), ప్రష్యన్ బ్లూ. నలుపు కొనొద్దు. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే హేవ్‌లాక్ వంతెన ఇనుముకి సరిపోయే బూడిద రంగు వస్తుంది. 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయిన వంతెన అది, ఏ ఒక్క ట్యూబులోంచీ ఆ రంగు రాదు. కొబ్బరాకులకి లెమన్ యెల్లో, ప్రష్యన్ బ్లూ కలిపి, పచ్చదనం మరీ కొట్టొచ్చినట్టుంటే కాస్త సియెన్నా తగిలించండి. తెలుపు కూడా అక్కర్లేదు. నీటి మీద తళుకు కావాలంటే అక్కడ రంగు వేయకుండా కాగితాన్నే వదిలేయాలి.

ట్యూబు మీద చిన్న అక్షరాల్లో పీబీ 29 లాంటి గుర్తులుంటాయి. అది అల్ట్రామెరైన్‌లో వాడే రంగు పొడి గుర్తు. ట్యూబు మీద ఒక్క గుర్తు మాత్రమే ఉన్న రంగులు వేరే రంగుతో కలిపినా శుభ్రంగా ఉంటాయి. రెండు మూడు గుర్తులున్నవి ఇంకో రంగుతో కలిపితే బురదవుతాయి. ఈ ట్యూబు సదుపాయం కూడా 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడి పుణ్యమే. అంతకుముందు తైలవర్ణాలు వేసేవాళ్ళు రంగుల్ని పంది మూత్రాశయాల్లో మూటకట్టుకుని తిరిగేవారట!

కుంచెలు రెండు: గుండ్రటివి, 12 నంబరొకటి, 6 నంబరొకటి. షాపులో మొన ఎప్పుడూ సూదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే జిగురు పెట్టి అమ్ముతారు. గ్లాసుడు నీళ్ళడిగి, ముంచి, ఆ జిగురు వదిలించి ఒక్క విదిలింపు విదిలించండి. మొన మళ్ళీ దగ్గరికొస్తే తీసుకోండి. సింథటిక్ చాలు. ముంగిస వెంట్రుకల కుంచె అని ఎవరైనా గుట్టుగా చూపిస్తే అక్కడినుంచి వచ్చేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నేరం, పైగా ఆ వెంట్రుకల కోసం ముంగిసల్ని చంపుతారు. ఇంకోటి, మొన కోసం కుంచె నోట్లో పెట్టుకునే అలవాటుంటే ఇవాళే మానేయండి. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటి ఒంటికి హాని చేసే లోహాలు ఉంటాయి.

రంగులు కలుపుకునే పళ్ళేన్ని పాలెట్ అంటారు. కొత్త ప్లాస్టిక్ పాలెట్ మీద రంగు బొట్లు బొట్లుగా విడిపోతుంది. టూత్ పేస్టుతో ఒకసారి రుద్ది కడగండి. తెల్ల పింగాణీ పళ్ళెం ఉంటే అసలు పాలెట్టే కొనక్కర్లేదు.

జనవరి పొద్దున గట్టు మీద మంచు ఉంటుంది, వేసిన పూత ఎంతకీ ఆరదు. తడి ఆరకముందే పక్కన నీళ్ళ కుంచె పెట్టారో, రంగు వెనక్కి తన్ని కాలీఫ్లవర్ మచ్చ పడుతుంది. ఎండెక్కాక దీనికి తలకిందులు, కుంచె ఎత్తేలోపే అంచు గట్టిపడుతుంది. అందుకే మంచులో పెన్సిలు గీతలు, ఎండ తగిలాక రంగులు. కాగితం మీద ఎండ పడకుండా కూర్చోవాలి, లేకపోతే తెల్లటి మెరుపుకి కళ్ళు చెదిరి రంగు ముదరగా వేసేస్తారు. గాలికి ఎగిరిపోకుండా అట్టకి నాలుగు క్లిప్పులు పెట్టండి.

వీలైతే ఈలోగా దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళిరండి, మన ఊళ్ళోనే ఉంది కదా. ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఓస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు, రామారావుని ప్రోత్సహించింది ఆయనే. 1897లో పుట్టిన రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. ఒక బొమ్మ ముందు నిలబడి, అందులో అసలు ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టుకు రండి.

రెండు సీసాల నీళ్ళు, ఒక పాత నూలు గుడ్డ, టోపీ, తాగడానికి వేరే నీళ్ళు మర్చిపోవద్దు. రంగు కడిగిన నీళ్ళు ఏట్లో పొయ్యనివ్వను, మూతున్న ఖాళీ సీసా ఒకటి తెచ్చుకోండి. కొనేముందు కాగితం ముక్క చూపించాలనుకుంటే సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను.

మీ డ్రాయింగు మాస్టారు,
రాజమండ్రి