తూర్పుకు తిరిగిన ఉత్తరం

దక్షిణ కాలిఫోర్నియాలోని పశ్చిమ ట్రాన్స్‌వర్స్ పర్వతశ్రేణి మయోసీన్ కాలం (సుమారు 2.3 కోట్ల నుంచి 53 లక్షల ఏళ్ల క్రితం) నుంచి దాదాపు 90 డిగ్రీలు సవ్యదిశలో తిరిగిందన్న నిర్ధారణపై మళ్లీ వాదం రేగింది. శిలలు తమలో అయస్కాంతత్వం చేరిన నాటి ఉత్తర దిశను దాచుకుంటాయి; శిల తిరిగితే ఆ దిశ కూడా తిరుగుతుంది. అక్కడి అవక్షేప శిలల్లోని అయస్కాంతత్వం పొరలు పేరుకున్నప్పటిదేనా, తర్వాత చేరినదా అన్నదే అసలు ప్రశ్న. ఖండచలనం, ఫలకాల కథ తెలిసిందే కనుక దాన్ని వదిలి నేరుగా 1985కు వెళ్తాను.

అప్పటికే భూశాస్త్రవేత్తలు లుయెండిక్, కామర్లింగ్, టెరెస్‌లు 1980లో ఈ భ్రమణానికి జ్యామితీయ నమూనా ఇచ్చారు. వారి తొలి ఆధారాల్లో ముఖ్యమైనవి అగ్నిపర్వత శిలలు. కానీ లావా తాను చల్లారిన కొద్ది కాలపు అయస్కాంత క్షేత్రాన్నే పట్టుకుంటుంది. శతాబ్దాల పొడవునా ఊగిసలాడే భూక్షేత్రపు సగటు ఒక్క ప్రవాహంలో దొరకదు. పైగా అది పారిన నాటి నేల వాలు ఎంతో తేల్చడం కష్టం. 1985లో హోర్నఫియస్ అనే భూశాస్త్రవేత్త ఈ శ్రేణిలోనే ఉన్న శాంటా యెనెజ్ కొండల్లోని మాంటెరే అనే శిలాపొరల అవక్షేపాలను కొలిచి ఈ రెండు చిక్కులనూ దాటారు. సముద్రగర్భంలో దాదాపు సమతలంగా, నెమ్మదిగా పరుచుకున్న ఆ పొరల్లోనూ పెద్ద సవ్య భ్రమణమే కనిపించింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

అవక్షేపాలు బరువుకు అణగిపోతాయన్న అభ్యంతరం నిజమే. అయితే ఆ అణగడం ప్రధానంగా అవపాతాన్ని, అంటే క్షేత్రం నేలలోకి వంగే కోణాన్ని తగ్గిస్తుంది. భ్రమణాన్ని చెప్పేది దిక్పాతం, అంటే ఉత్తరం నుంచి ఆ దిశ పక్కకు తిరిగిన కోణం. కొనలు వాలిన మడతలను సరిగా విప్పకపోతే లేని భ్రమణం కనబడవచ్చన్నది, కొలిచినవి చిన్న ముక్కల భ్రమణాలే కావచ్చన్నది ప్రత్యర్థుల గట్టి వాదనలు. వీటిని ప్రతి స్థలంలోనూ విడిగా పరీక్షించాల్సిందే.

అయస్కాంతత్వంతో సంబంధం లేని సాక్ష్యం మరొకటి ఉంది. ఈ శ్రేణిలో భాగమైన శాంటా క్రూజ్ దీవిలోని ఇయోసీన్ (మయోసీన్‌కంటే పాత కాలపు) గులకరాళ్లు శాన్ డియాగో దగ్గరి పోవే అనే చోటి రాళ్లతో సరిపోలుతాయి. శ్రేణిని వెనక్కి తిప్పి పెడితే అవి పొరుగున చేరతాయి.

తర్వాత చేరిన అయస్కాంతత్వమన్న అనుమానానికి 1949లో భూభౌతిక శాస్త్రవేత్త గ్రాహం చూపిన మడత పరీక్ష ఉంది. పొరలను సమతలానికి విప్పినప్పుడు చెదిరిన దిశలు ఒకచోట కూడితే ఆ అయస్కాంతత్వం మడతకంటే పాతదని అర్థం. అది పొర పుట్టిన నాటిదేనని ఈ పరీక్ష నిరూపించదు. కానీ భ్రమణం ముగిశాక చేరిన అయస్కాంతత్వం సగటున ఉత్తరానికో దక్షిణానికో చూపాలి, తూర్పుకు కాదు. అందువల్ల తూర్పుకు తిరిగిన దిశ తర్వాత చేరినదే అయినా, శిల ఆపై తిరిగిందనే చెబుతుంది. ఎప్పుడు తిరిగిందన్నదే ఇంకా తేలాల్సినది.