డాల్ఫిన్ ఇంటిపేరు

పర్లాకిమిడి

పిల్లలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

సాతపడాలో పడవ దిగినప్పుడు మొదలైన తగవు బరంపురం చేరాక కూడా తేలలేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చిలికా సరస్సులో మనం చూసిన డాల్ఫిన్ చేపేనని తమ్ముడు, కాదని అక్క. అక్క చెప్పిందే నిజం. ఎందుకు నిజమో ఫోన్‌లో చెబితే సగం వింటారు, అందుకే ఈ ఉత్తరం.

తమ్ముణ్ణి మాత్రం ఎవరూ వెక్కిరించకండి. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1735లో ప్రాణులన్నిటినీ గుంపులుగా పేర్చి పుస్తకం వేసినప్పుడు తిమింగలాలను, డాల్ఫిన్లను చేపల్లోనే పెట్టాడు. 1758లో పదో కూర్పు వచ్చేసరికి వాటిని అక్కడి నుంచి తీసి పాలిచ్చే జంతువుల్లో చేర్చాడు. అంత పెద్దాయన కూడా తప్పు దిద్దుకున్నాడన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి.

పడవ ఇంజన్ ఆపాక నీళ్ల మీద ‘ఫూ’ అని చప్పుడు విన్నాం, గుర్తుందా? అది దాని ఊపిరి. దానికి మొప్పలు లేవు, మనలాగే ఊపిరితిత్తులున్నాయి. పిల్లను కని పాలిస్తుంది. చేప ఈదేటప్పుడు తోకను కుడి ఎడమలకు ఆడిస్తుంది, డాల్ఫిన్ పైకీ కిందికీ ఆడిస్తుంది. పక్కన రెక్కలా కనబడేదాని లోపల మన చేతికి ఉన్నట్టే దండ ఎముక, ముంజేతి ఎముకలు, వేళ్ల ఎముకలు ఉంటాయి.

లిన్నేయస్ పోలికలు చూసి గుంపులు కట్టాడు. ఆ పోలికలకు కారణం చుట్టరికమేనని 1859లో డార్విన్ పుస్తకం వచ్చాక అర్థమైంది. ఎక్కడ బతుకుతోంది అని కాదు, ఎవరి సంతతి అని అడగాలన్నమాట. ఇప్పుడు డీఎన్‌ఏ కూడా చూస్తున్నారు. బతికున్న జంతువుల్లో డాల్ఫిన్లకూ తిమింగలాలకూ అందరికన్నా దగ్గరి చుట్టం నీటిగుర్రమని అలాగే తేలింది. ఆవు, మేక, ఒంటె కూడా ఆ వంశానివే. చిలికాలో ఒకే నీళ్లలో ఈదే పండుగప్ప చేప కన్నా మన వీధిలో తిరిగే మేకే డాల్ఫిన్‌కు దగ్గర. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని ఏడు మెట్లు బడిలో చెబుతారు. వాటి గురించి టెన్షన్ పడకండి. ఇప్పటికి చివరి రెండూ చాలు, ఎందుకంటే ప్రాణి పేరు ఆ రెంటితోనే కడతారు. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. శాస్త్రంలోనూ అంతే. మనం చూసిన డాల్ఫిన్ పేరు ఒర్కెల్లా బ్రెవిరోస్ట్రిస్. బ్రెవిరోస్ట్రిస్ అంటే పొట్టి ముక్కుది. దాని తల గుండ్రంగా ఉండటం మీరే చూశారుగా. ఆ సొంత పేరు 1866లో ఇంగ్లండు శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ పెట్టాడు. ఆయన పరిశీలించింది 1852లో మన విశాఖపట్నం రేవులో దొరికినదాన్ని! బర్మాలోని ఇరావతి నది పేరుతో అందరూ ఇరావతి డాల్ఫిన్ అంటారు గానీ, శాస్త్రానికి అది మొదట పరిచయమైంది మన తీరంలోనే. ఆస్ట్రేలియా వైపు ఉండేవీ ఇవీ ఒకటే అనుకునేవారు. 2005లో వాటిని వేరు జాతిగా తేల్చారు. ఇంటిపేరు ఒర్కెల్లాయే, సొంత పేరు మారింది.

ఇలాంటి పేరు ఎందుకో మన ఊళ్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పెరట్లో చెట్టు మనకు మామిడి, పక్కింటి ఒడియావాళ్లకు ఆంబ. ప్రపంచమంతటికీ మాంజిఫెరా ఇండికా.

మామిడి అంటే గుర్తొచ్చింది. పోయిన వేసవిలో సొన తగిలి అక్క పెదవి పొక్కింది కదా. జీడిపిక్క కాల్చకుండా కొరికినా నోరు అలాగే పొక్కుతుంది. రెండూ ఒకే కుటుంబం, నల్లజీడి కూడా అందులోదే. జీడిమామిడి 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు. దానికి ఎవరు పేరు పెట్టారో గానీ, చూడగానే చుట్టరికం పసిగట్టి ‘మామిడి’ అని తగిలించారు.

పచ్చడికాయలు దింపే రోజుకి ఇద్దరూ రండి. ఈసారి మామిడిపూత, జీడిపూత పక్కపక్కన పెట్టి చూద్దురుగాని. పూత రాలిపోకముందే కాస్త కోసి, పుస్తకంలో నొక్కి ఆరబెట్టి ఉంచుతాను. కాయ ముచ్చిక కోసి, సొన కారిపోయాకే అక్కకిస్తాను.

ప్రేమతో,
తాతయ్య