తోటమాలిని పెట్టుకునే ముందు: అపోహలు - వాస్తవాలు

“మా తోటమాలి సరిగ్గా నీళ్లు పోయడం లేదు, మొక్కలన్నీ వాడిపోతున్నాయి, నమ్మకమైన మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి” అనే మాటను నేను వారానికి రెండు మూడు సార్లైనా వింటాను. నర్సరీలకు పేరున్న కడియం దగ్గరి కడియపులంకలో, మా నాన్నగారి నర్సరీలో పెరిగి, పదహారేళ్లుగా హైదరాబాద్‌లో ఇళ్ల తోటలు, మిద్దె తోటలు వేయించే పనిలో ఉన్నాను. ఇలా ఫోను చేసినవారి ఇంటికి వెళ్లి, వాడిన మొక్క మొదట్లో వేలు పెట్టి చూస్తే, ఎక్కువసార్లు నా వేలికి తగిలేది పొడి మట్టి కాదు, బురద. తోటమాలి నీళ్లు పోయకపోవడం కాదు, పోయవలసినదానికంటే ఎక్కువ పోయడమే అక్కడి సమస్య. అతను అలా పోయడానికి కారణం చాలా ఇళ్లలో యజమానులే.

అపోహ: రోజూ వచ్చి, ప్రతి మొక్కకూ నీళ్లు పోసేవాడే నమ్మకమైన తోటమాలి.

ఇంటి తోటలను అన్నిటికన్నా ఎక్కువగా పాడుచేస్తున్నది ఈ నమ్మకమే కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. వేరుకు నీరు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీలు ఎప్పుడూ నీటితోనే నిండి ఉంటే వేరుకు ఊపిరి ఆడదు, తడిలో పెరిగే శిలీంధ్రాలు దాన్ని కుళ్లబెడతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చుకోలేదు కనుక, చుట్టూ నీరు ఉన్నా ఆకులు దాహంతో ఉన్నట్లే వాలిపోతాయి. వాలిన ఆకులను చూసి ఇంటివారు “నీళ్లు చాలడం లేదు” అంటారు, తోటమాలి మరో మగ్గు పోస్తాడు, మొక్క మరో నాలుగు రోజులు ముందుగా చనిపోతుంది. ఎండకు వాడిన మొక్క సాయంత్రం నీళ్లు పోస్తే తెల్లవారేసరికి తేరుకుంటుంది; మట్టి తడిగా ఉండి కూడా ఆకు వాలి ఉంటే అది చాలావరకు వేరుకుళ్లే. ఈ ఒక్క తేడా తెలిసిన మనిషి దొరికితే మీ తోటకు సగం భయం తీరినట్లే.

సైనిక్‌పురిలో ఒక పెద్ద దంపతులు ఉన్నారు. పిల్లలు అమెరికాలో ఉంటారు, వీరిద్దరికీ కాలక్షేపమైనా ఓదార్పైనా ఆ తోటే. మూడు నెలల్లో నిమ్మ, రెండు గులాబీలు, కూతురు వెళ్తూ నాటిన పారిజాతం వరుసగా పోయేసరికి, తోటమాలి కావాలనే నిర్లక్ష్యం చేస్తున్నాడని ఆ ఇంటి అమ్మగారు బాధపడి నన్ను పిలిపించారు. నిమ్మ కుండీని పక్కకు వంచి మట్టిముద్దను బయటికి తీస్తే మురుగు వాసన వచ్చింది. వేళ్లు నల్లబడి, పట్టుకుంటే పై పొర జారిపోయి లోపలి నార మాత్రం చేతిలో మిగిలింది. కుండీ అడుగు చిల్లును వేళ్లూ మట్టీ కలిసి పూర్తిగా మూసేశాయి. తోటమాలి పాలమూరు నుంచి వచ్చిన నడివయసు మనిషి. అతన్ని పక్కకు తీసుకెళ్లి అడిగితే, “నాకు ఎర్కనే సార్, తడి ఎక్కువైతుందని. పొయ్యకపోతే పని చేస్తలేనంటరు. మొక్క సస్తే పైసలు కట్ చేస్తమన్నరు. అందుకే రోజు పోస్తున్న” అన్నాడు. మనిషికి పని తెలుసు, తెలిసినది చెప్పే ధైర్యం మాత్రం ఆ ఇంట్లో అతనికి లేకపోయింది. ఆమెను కూడా తప్పుపట్టలేను; కూతురు నాటిన చెట్టు కళ్ల ముందే ఎండిపోతుంటే ఎవరికైనా మొదట మనిషి మీదే అనుమానం కలుగుతుంది.

అందుకే నేను ప్రతి ఇంట్లోనూ మొదటి రోజే రెండు విషయాలు ఒప్పిస్తాను. మొక్క చనిపోతే జీతంలో కోత పెట్టకూడదు, ఎందుకంటే కోతకు భయపడే మనిషి తెగులును మీకు చూపించడు, దాచిపెడతాడు. లేదా అలాంటి మొక్కనే తెచ్చి రాత్రికి రాత్రి మార్చేస్తాడు, అసలు కారణం అలాగే ఉండిపోయి మళ్లీ మరో మొక్క పోతుంది. రెండవది, నీళ్లు పోశాడా లేదా అని కాకుండా, మట్టి చూసి పోశాడా లేదా అని అడగాలి. మా నాన్నగారు నర్సరీలో కొత్తగా చేరినవారికి నెల రోజులు గొట్టం ముట్టనిచ్చేవారు కాదు; చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించి, తడి తగిలితే ముందుకు నడవమనేవారు, చిన్న కుండీలైతే చేత్తో ఎత్తి బరువు చూడమనేవారు. నలభై కుండీలు అలా చూడటానికి పావుగంట కూడా పట్టదు. మే నెలలో హైదరాబాద్ మిద్దె మీద చిన్న కుండీలకు రెండు పూటలా నీళ్లు కావలసి రావచ్చు. అదే కుండీలకు ముసురు పట్టిన ఆగస్టులో వారం రోజులు చుక్క కూడా అక్కర్లేకపోవచ్చు. డిసెంబరులో స్నేక్ ప్లాంట్‌కు పది పదిహేను రోజులకు ఒకసారి చాలు. ఏడాది పొడవునా ఒకే లెక్కన పోసే మనిషికి ఎన్నేళ్ల అనుభవం ఉన్నా అది మీ మొక్కలకు ఉపయోగపడదు.

కడియం నుంచి వచ్చే మొక్కల విషయంలో మరో మాట చెప్పాలి. అవి గోదావరి ఒండ్రు మట్టిముద్దతో వస్తాయి. ఆ జిగురు ముద్దను కదపకుండా అలాగే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపిన గుల్ల మట్టిలో పెడితే, ఒకసారి ఎండిన ముద్దలోకి నీరు దిగకుండా దాని చుట్టూ జారి కిందికి పోతుంది, కుండీ కిందినుంచి నీళ్లు కారుతున్నా లోపలి వేరు పొడిగానే ఉంటుంది. మంచి తోటమాలి నాటేముందు ముద్ద పై అంచులను వేళ్లతో మెల్లగా విడదీస్తాడు. కొత్త మనిషిని పెట్టుకునేటప్పుడు ఒక మొక్కను మీ ఎదురుగా కుండీ మార్చమని అడగండి. అడుగు చిల్లును ముందుగా చూస్తాడా, ముద్దను విడదీస్తాడా, నాటాక నీడలో పెడతాడా అన్న మూడింటితోనే మీకు చాలా తెలిసిపోతుంది.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. “మల్లె ఎప్పుడు కత్తిరిస్తావు?” అని అడగండి. డిసెంబరు, జనవరి నెలల్లో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, నేలకు అడుగున్నర ఎత్తున కత్తిరించి, ఆ తరువాత పశువుల ఎరువు వేసి నీళ్లు అందిస్తే వేసవి మొదలయ్యేసరికి మొగ్గ పడుతుందని చెప్పగలిగినవాడు పని తెలిసినవాడు. మామిడి కొమ్మలు కాయ కోత ముగిసిన వెంటనే, జూన్, జులై నెలల్లో తీయాలి. డిసెంబరులో పూత రావలసిన కొమ్మను నరికితే ఆ కొమ్మకు ఆ ఏడు కాయ ఉండదు. ఎప్పుడైనా కత్తిరించవచ్చనేవాడికి కత్తెర ఇవ్వకండి.

అపోహ: హస్తవాసి మంచిదైతే చాలు. హస్తవాసి అని మనం అనేది మట్టిని ముట్టి చూసే అలవాటునే. అతను ఏడాదికి పైగా చూస్తున్న తోట ఒకటి చూపించమనండి. కొత్తగా వేసిన తోట ఎవరు వేసినా మూడు నెలలు పచ్చగానే ఉంటుంది.

అపోహ: నర్సరీవాళ్లు పంపిన మనిషి అయితే భయం లేదు. మంచివారు ఉన్నారు, మా ఊరివారు ఎందరో ఈ పనిలో ఉన్నారు. అయితే మొక్క అమ్మితే లాభం ఉన్నవారి మనిషి, తెగులు వచ్చిన మొక్కను బాగుచేయడం కన్నా కొత్తది తెప్పించడం వైపే మొగ్గుతాడు. ఏ కొనుగోలైనా రసీదుతో, మీకు చెప్పిన తరువాతే జరగాలని ముందే మాట్లాడుకోండి. ఎరువు, మందు, కుండీలు నెల జీతంలో కలిసి ఉన్నాయా లేవా అన్నది కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుంటే తరువాతి గొడవల్లో చాలా భాగం పుట్టనే పుట్టదు.

అపోహ: పురుగు కనిపిస్తే మందు కొట్టేవాడే పనిమంతుడు.

ఇక్కడ మాత్రం నేను ఓపిక పట్టలేను. నీళ్ల సీసాలో పేరు లేని ద్రవం తెచ్చి కరివేపాకు మీద కొట్టించుకునే ఇళ్లు నేను చూస్తూనే ఉన్నాను. అడిగితే “ఏదో మోనో అంట” అంటారు. అంటే మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. దాన్ని కూరగాయల మీద వాడకుండా 2005లోనే నిషేధించారు; పొలంలో పత్తికి కొట్టిన మందు మీ వంటింటి కిటికీ కింద కొట్టవలసినది కాదు. అసలు డబ్బా, దాని మీది లేబులు చూడనిదే ఏ మందూ కొట్టనివ్వకండి. లేబులు మీద వజ్రం ఆకారపు గుర్తులో కింది సగం రంగు ఎరుపైతే అది అత్యంత విషపూరితం, పసుపైతే అధిక విషం, నీలమైతే ఓ మోస్తరు, ఆకుపచ్చైతే స్వల్పం. మందార మీది పిండినల్లికి, చిక్కుడు మీది పేనుబంకకు మొదట గట్టిగా నీళ్లు చిమ్మి కడగడం, ఆ తరువాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయడం, వారానికి మళ్లీ చేయడం చాలా ఇళ్లకు సరిపోతుంది. పిచికారీ చేసే మనిషికి చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ మీరే ఇవ్వండి, అది అతని ఖర్చు కాదు.

అపోహ: ఆధార్ జిరాక్స్ తీసుకున్నాం కాబట్టి భద్రమే. జిరాక్స్ కాగితం మనిషి గురించి ఏమీ చెప్పదు. పాత యజమానితో మాట్లాడండి, మీ పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వండి. అయితే, ఆ పేరుతో ప్రతి వారం సంచి తడిమి చూసి అవమానించకండి.

అపోహ: మా ఆవరణలోని చెట్టు మా ఇష్టం, మాలి చేత కొట్టించేస్తాం. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా పని చెప్పి ఆ పేదవాడిని ఇరికించకండి.

కుండీల కింది పళ్లేల గురించి కూడా చెప్పాలి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఆ కాస్త నిలవ నీటిలోనే గుడ్డు నుంచి దోమ అవుతుంది, దానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికి ఒకసారి పళ్లేలన్నీ వంచి, రుద్ది కడగడం తోటమాలి పనుల జాబితాలో మొదటి వరుసలో రాయండి.

అతను నిచ్చెన ఎక్కుతాడు, కత్తి పడతాడు, తీగల పక్కన కొమ్మలు దించుతాడు. ప్రధానమంత్రి సురక్షా బీమా కింద 18 నుంచి 70 ఏళ్ల వారికి ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఉంది, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఆ రక్షణ జూన్ 1 నుంచి మరుసటి మే 31 వరకు ఉంటుంది. సైనిక్‌పురి అమ్మగారు ఈసారి తోటమాలిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి ఆ ఫారం నింపించారు, పారిజాతం కుండీలో కొత్త మట్టి నింపేముందు అడుగు చిల్లు తనకు చూపించమని అతన్నే అడిగారు.