ప్రమాణానికి తోడుగా ఒక మాత్ర

చిత్తూరు ప్రాంతంలో తాగుడు మానాలనుకున్న మనిషి చాలాసార్లు ఆసుపత్రికన్నా ముందు కాణిపాకం వెళతాడు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుని ఎదుట నిలబడి, ఇకమీదట చుక్క ముట్టనని ప్రమాణం చేస్తాడు. అక్కడ చేసిన ప్రమాణం తప్పితే స్వామి ఊరుకోడన్న నమ్మకం ఇక్కడివారిలో బలంగా ఉంది. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను, ఎందుకంటే దేవుని ముందు మాట ఇవ్వాలనిపించేంతగా మనసు కదలడమే మానడానికి మొదటి మెట్టు. అయితే ప్రమాణం చేసేది మనసు, దాన్ని మోయవలసింది ఏళ్ల తరబడి మద్యంతో సర్దుకుపోయిన మెదడు.

మా వీధిలో ఆటో నడిపే ఒకాయన అలా ప్రమాణం చేసి వచ్చిన మరునాటి ఉదయం కాఫీ గ్లాసును నోటిదాకా తీసుకుపోలేకపోయాడు. రెండు చేతులతో పట్టుకున్నా వణికి, సగం కాఫీ చొక్కా మీద ఒలికింది. సాయంత్రానికి ఫిట్స్ వచ్చాయి. ఏదో అపచారం జరిగిందని ఇంట్లోవాళ్లు భయపడ్డారు గానీ, కారణం ఆయన మెదడులోనే ఉంది. మద్యం మెదడును మందగింపజేస్తుంది కాబట్టి, రోజూ తాగేవారి మెదడు దాన్ని తట్టుకోవడానికి తనను శాంతపరిచే గాబా అనే రసాయనం ప్రభావాన్ని తగ్గించుకుని, ఉద్రేకపరిచే గ్లుటమేట్ అనే రసాయనం ప్రభావాన్ని పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. ఆ తరువాతి రెండు రోజుల్లో కొందరు మతి తప్పి, లేనివి కనిపిస్తున్నాయని కేకలు వేస్తారు, వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. అందుకే రోజూ బాగా తాగేవారు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. క్లోర్‌డయజెపాక్సైడ్ వంటి, మెదడును శాంతపరిచే మాత్రలను కొద్దిరోజులు ఇచ్చి క్రమంగా తగ్గిస్తారు, మెదడు దెబ్బతినకుండా బి1 విటమిన్ అయిన థయమిన్ ఇస్తారు.

చాలా కుటుంబాలు ఇక్కడితో వైద్యం ముగిసిందనుకుని ఇంటికి వచ్చేస్తాయి. నిజానికి ఇది ఒంటిని నిలబెట్టడమే, వ్యసనానికి చికిత్స ఇంకా మొదలే కాలేదు. ఆ తరువాత వాడే ఔషధాలలో నాల్‌ట్రెక్సోన్ ముఖ్యమైనది. మద్యం తాగినప్పుడు మెదడులో ఎండార్ఫిన్లు అనే హాయినిచ్చే రసాయనాలు విడుదలై, వాటిని అందుకునే ఓపియాయిడ్ గ్రాహకాలకు అతుక్కుంటాయి, మొదటి గుక్క తరువాత రెండోదాని వైపు లాగే హాయి చాలావరకు అక్కడిదే. రోజుకు 50 మిల్లీగ్రాముల నాల్‌ట్రెక్సోన్ ఆ గ్రాహకాలను మూసివేస్తుంది. 1994 నుంచి అమెరికాలో దీనికి ఈ వ్యసనం కోసం అనుమతి ఉంది. కాలేయ పరీక్ష చూసుకుని ఇస్తారు, అవే గ్రాహకాల మీద పనిచేసే ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు వాడేవారికి ఇవ్వరు. అకాంప్రోసేట్ దారి వేరు. మానేసిన తరువాత నెలల తరబడి మిగిలిపోయే ఆందోళనను, నిద్రలేమిని అది సర్దుతుంది. మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది గనుక కాలేయం దెబ్బతిన్నవారికి అనుకూలమే గానీ, కిడ్నీలు బాగా చెడినవారికి పనికిరాదు.

డైసల్ఫిరామ్ మాత్రం ప్రమాణానికి దగ్గరి చుట్టం. 1940ల చివర డెన్మార్క్‌లో ఎరిక్ జాకబ్‌సన్, జెన్స్ హాల్డ్ దీన్ని కడుపులో పురుగులకు మందుగా పరిశీలిస్తూ తామే మింగి చూశారు, ఆపై మద్యం తాగితే ఒళ్లు చెడుతున్నదని గమనించారు. మద్యం నుంచి పుట్టే విషపదార్థమైన అసిటాల్డిహైడ్‌ను కాలేయం విరగ్గొట్టకుండా ఇది అడ్డుకుంటుంది. దాంతో ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. తాగితే ఏమవుతుందో తెలిసి, ఒప్పుకుని, ఇంట్లో ఒకరి కళ్లముందు రోజూ వేసుకుంటేనే దీనికి బలం. ఆ మనిషికి తెలియకుండా రాగిసంకటిలోనో పప్పులోనో ఈ మాత్ర పొడి కలిపే ఇళ్లు ఉన్నాయి. ఆ తల్లుల, భార్యల నిస్సహాయత నాకు అర్థమవుతుంది, అయినా చేతులెత్తి మొక్కి చెబుతున్నాను, అలా చేయవద్దు. తెలియక క్వార్టర్ తాగిన గుండెజబ్బు మనిషి ఆ రాత్రే చనిపోవచ్చు.

ఈ ఔషధాలు అద్భుతాలు చేయవు. అనేక ప్రయోగాలను కలిపి 2014లో వేసిన లెక్క ప్రకారం, సుమారు 12 మంది నాల్‌ట్రెక్సోన్ వాడితే ఔషధం లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చినప్పుడు అదనంగా ఒకరు విపరీతంగా తాగే స్థితికి తిరిగి పోకుండా ఆగుతారు. అమెరికాలో 1,383 మందిపై జరిగి 2006లో వెలువడిన కంబైన్ పరిశోధనలో నాల్‌ట్రెక్సోన్ పనిచేసింది, ప్రత్యేక కౌన్సెలింగూ పనిచేసింది, అకాంప్రోసేట్ మాత్రం ఆ ప్రయోగంలో ప్రయోజనం చూపలేదు. మాత్రనూ ప్రత్యేక కౌన్సెలింగునూ కలిపినప్పుడు ఫలితం ఏ ఒక్కదానికన్నా పెరగలేదు కూడా. దీన్నిబట్టి మాత్ర ఒక్కటే చాలునని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే అక్కడ మాత్ర తీసుకున్న వారందరినీ ఒక నర్సో వైద్యుడో క్రమం తప్పకుండా కూర్చోబెట్టి, ఎలా ఉన్నారు, మాత్ర వేసుకుంటున్నారా, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారు అని అడిగారు. మన దగ్గర చీటీ రాసి పంపేసే రెండు నిమిషాల్లో అది జరగదు.

అసలు ఆ చీటీ దాకా వచ్చేవారే తక్కువ. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో వెలువరించిన జాతీయ సర్వేలో, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఊరు కదలలేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ ఆటో ఆయన నాల్‌ట్రెక్సోన్ మొదలుపెట్టి నాలుగు నెలలు నిలబడ్డాడు. గంగజాతర నాడు తాగాడు. ప్రమాణం తప్పానన్న సిగ్గుతో మాత్రలు మానేసి, ఆసుపత్రి వైపు వెళ్లనన్నాడు. "నువ్వు రాకపోతే నేను పోయి అడుగుతా పద" అని భార్య బయలుదేరితే వెనకే వెళ్లాడు. వైద్యురాలు ఎందుకు తాగావని అడగలేదు. ఆ పూట అన్నం తిన్నావా, ఎన్ని గంటలప్పుడు, పక్కన ఎవరున్నారు, జేబులో డబ్బు ఎంత ఉంది అని అడిగింది. పొద్దున్నుంచి తినలేదని, ఆనాటి బాడుగ డబ్బులన్నీ జేబులోనే ఉన్నాయని ఆయన తలవంచుకుని చెప్పాడు. ఆమె ఆ రెండూ కాగితం మీద రాసుకుని, మాత్ర మళ్లీ మొదలుపెట్టి, బాడుగ డబ్బు సాయంత్రం ఆరు లోపల ఎవరి చేతికి ఇవ్వాలో తేల్చమని భార్యాభర్తలిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది.