మూలల్లో స్తంభాలు లేని మేడ: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

వరంగల్ పాత జైలు స్థలంలో కడుతున్న 24 అంతస్తుల ఆస్పత్రిని చూసి, ‘గాలిదుమారం వస్తే ఇంత ఎత్తు బిల్డింగు ఎట్లా ఆగుతుంది తాతా’ అని అడిగారు కదా. మంచి ప్రశ్నే. ఎత్తు పెరిగేకొద్దీ ఇంజినీర్లను బరువు కన్నా గాలే ఎక్కువ సతాయిస్తుంది. న్యూయార్క్‌లో 1977లో పూర్తయిన సిటీకార్ప్ సెంటర్ సంగతి చెబుతాను, వినండి. 59 అంతస్తులు, 279 మీటర్లు, బ్యాంకు ఆఫీసుల కోసం కట్టింది.

ఆ జాగాలో ఒక మూలన సెయింట్ పీటర్స్ చర్చి ఉండేది. వాళ్లు స్థలం అమ్మారు గానీ, అదే మూలన కొత్త చర్చి కట్టివ్వాలనీ, మేడ స్తంభం అందులోంచి దిగకూడదనీ షరతు పెట్టారు. దాంతో స్ట్రక్చరల్ ఇంజినీరు విలియం లెమెజరియర్, మంచం కోళ్లను మూలల్లోంచి పీకి పట్టెల నడుమ పెట్టినట్టు, స్తంభాలను ఒక్కో పక్క నడిమధ్యకు జరిపాడు. ఒక్కోటి సుమారు 35 మీటర్ల ఎత్తు. మూలల బరువు నడుమకు చేరాలి కాబట్టి నాలుగు పక్కలా, ఎనిమిదేసి అంతస్తులకు ఒక వరుస చొప్పున, వీ ఆకారంలో ఏటవాలు ఉక్కు దూలాలు పెట్టాడు, వీటినే బ్రేసులంటారు. గాలిని తట్టుకోవాల్సిందీ అవే.

ఊగుడు తగ్గించడానికి పైన 400 టన్నుల కాంక్రీటు దిమ్మెను నూనె పొర మీద జారేట్టు అమర్చారు. మేడ ఒకవైపు కదిలితే దిమ్మె వెనకబడి రెండోవైపు లాగుతుంది. కాకపోతే దానికి కరెంటు కావాలి. పెద్ద తుపానులో ముందు పోయేదేమో కరెంటే!

బ్రేసుల అతుకులకు మొదట అనుకున్నది నిండు వెల్డింగ్. బోల్టులైతే చవక, పనీ త్వరగా అవుతుందని మార్చారు. మన ఊరి చుట్టూ లేచే ఇనుప గోదాముల్లోనూ బోల్టులే బిగిస్తారు, అందులో తప్పేం లేదు. ఎన్ని బోల్టులు, ఏ గాలికి లెక్కేసి అన్నదే అసలు విషయం. అక్కడ గాలి గోడకు ఎదురుగా తగులుతుందనే లెక్కేశారు. 1978లో లెమెజరియర్ మూల మీదుగా వచ్చే గాలికి మళ్లీ లెక్కేస్తే, కొన్ని బ్రేసుల మీద బలం 40 శాతం పెరిగింది.

నలభయ్యే కదా అనకండి. పైబరువు బ్రేసును నొక్కుతుంది, గాలి సాగదీస్తుంది. బోల్టు మీద పడేది ఆ రెండింటి తేడా. నొక్కుడు 75, లాగుడు 100 అనుకుంటే బోల్టుకు 25. లాగుడు 140 అయితే బోల్టుకు 65. గాలి బలం ఒకటిన్నర రెట్లయినా కాలేదు, బోల్టు భారం మాత్రం రెండున్నర రెట్లు దాటింది! కరెంటు పోయి దిమ్మె ఆగితే, సగటున 16 ఏళ్లకోసారి వచ్చే తుపాను కూడా మేడను కూల్చగలదని ఆయన లెక్క తేల్చింది.

ఆ ఆగస్టులోనే రిపేరు మొదలైంది. ఆఫీసులు నడుస్తూనే ఉన్నాయి, అందుకని పని రాత్రిళ్లే. వడ్రంగులు గోడ పలకలు విప్పి అతుకు చుట్టూ ప్లైవుడ్ గది కట్టేవారు, పొగ, నిప్పురవ్వలు బయటికి పోకుండా. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా వెల్డర్లు రెండంగుళాల మందం ఉక్కు పలకలను 200కు పైగా అతుకులకు అతికించారు. పొద్దున ఉద్యోగులు వచ్చేసరికి అంతా ఊడ్చేసి ఉండేది. దిమ్మెకు కరెంటు ఆగకుండా జనరేటర్లు పెట్టారు. పని నడుస్తుండగానే, సెప్టెంబరు మొదట్లో, ఎల్లా తుపాను తూర్పు తీరం వైపు వచ్చి సముద్రంలోకి మళ్లింది. అదృష్టమనే అనాలి.

నగరంలో పత్రికల సమ్మె వల్ల కూడా జనానికి అసలు సంగతి తెలియలేదు. 1995లో గానీ బయటపడలేదు. నా మటుకు ఇన్నేళ్లు దాచడం తప్పే, లోపల పనిచేసేవాళ్లకైనా చెప్పాల్సింది. అన్నట్టు, 2019లో అమెరికా పరిశోధకులు కొత్త పద్ధతిలో లెక్కేస్తే, మూల గాలి కన్నా ఎదురుగాలే ఆ మేడకు ఎక్కువ భారమని తేలింది. పంచాయితీ ఇంకా తెగలేదన్నమాట.

ఇప్పుడు మీ వంతు. నొక్కుడు 90 అనుకొని అదే లెక్క మళ్లీ వేయండి. బోల్టు భారం ఎన్ని రెట్లయిందో జవాబు రాయండి.

మీ తాత,
హనుమకొండ