మౌండ్ బాయూ: ఆరోగ్య కేంద్రం డబ్బు ఊళ్లోనే తిరిగిన కథ

పెద్ద బ్యాంకులు పట్టించుకోని ప్రాంతాల్లో చిన్న వ్యాపారులకు, ఇల్లు కట్టుకునేవారికి, ఆరోగ్య కేంద్రాలకు అప్పులిచ్చే సంస్థలు అమెరికాలో వెయ్యికి పైగా ఉన్నాయి. వాటిని సీడీఎఫ్‌ఐలు (సమాజాభివృద్ధి ఆర్థిక సంస్థలు) అంటారు. వీటికి గ్రాంట్లు ఇచ్చే కేంద్ర నిధిని చట్టం ఒప్పుకునే కనీస స్థాయికి కుదించాలని 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. అప్పటి నుంచి ఈ సంస్థలు అసలు అవసరమా అన్న వాదన జోరందుకుంది. ఈ చరిత్ర చెప్పేవారు చాలామంది ఆ నిధిని ఏర్పరిచిన 1994 నాటి చట్టం దగ్గర మొదలుపెడతారు. అంతకు చాలా ముందే మిసిసిపీ రాష్ట్రంలోని పత్తి పొలాల మధ్య మౌండ్ బాయూ అనే చిన్న ఊరు అప్పు పుట్టని ఈ సమస్యతో తలపడింది. ఆ ఊరి సంగతి తెలిస్తే ఇప్పటి వాదనలో బరువైన మాట ఏదో, తేలిక మాట ఏదో తెలుస్తుంది.

బానిసలుగా పుట్టిన ఐజయా మాంట్‌గోమరీ, ఆయన బంధువు బెంజమిన్ గ్రీన్ 1887లో రైల్వే కంపెనీ దగ్గర అడవి భూమి కొని ఈ ఊరు కట్టారు. ఊరంతా నల్లజాతివారే. 1904లో చార్లెస్ బ్యాంక్స్ చొరవతో సొంత బ్యాంకు పెట్టుకున్నారు, తర్వాత పత్తిగింజల నూనె మిల్లు కట్టారు. 1914లో బ్యాంకు మూతపడింది. అదే ఏడాది ఐరోపాలో యుద్ధం మొదలై పత్తి ధర కూలింది. జనానికి పొదుపు అలవాటు లేక జరిగిన నష్టం కాదిది. ఊరి పొదుపంతా ఒకే పంట మీద ఆధారపడి ఉంది. ఆ పంట దెబ్బతిన్న ఏడాది ఆదుకునే నిధి బయట ఎక్కడా లేదు.

పొదుపు అలవాటు మాత్రం పోలేదు. నైట్స్ అండ్ డాటర్స్ ఆఫ్ టాబర్ అనే పరస్పర సహాయ సంఘం సభ్యుల చందాలతో 1942లో అక్కడ 42 పడకల ఆస్పత్రి తెరిచింది. మన పొదుపు సంఘాల్లో నెలనెలా కంతు కట్టిన తెలుగువారికి ఆ పద్ధతి కొత్తగా అనిపించదు. 1945 నాటికి పెద్దవారు ఏడాదికి 8 డాలర్ల 40 సెంట్లు కడితే 31 రోజుల దాకా ఆస్పత్రి వైద్యం అందేది, శస్త్రచికిత్సతో సహా. పిల్లలకు 1 డాలర్ 20 సెంట్లు. తక్కిన ఆస్పత్రులు నల్లజాతి రోగులను పక్క గుమ్మం నుంచి పంపే రోజుల్లో, ఇక్కడ వారు ముందు గుమ్మం నుంచే లోపలికి వెళ్లారు. పత్తి ఏరే కూలీల డబ్బుతో లేచిన ఆస్పత్రి అది. ఈ ఒక్క సంగతిని మరింత మంది గుర్తుంచుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అయితే పొలాల్లోకి యంత్రాలు వచ్చి కూలి పని పోయాక చందా కట్టే శక్తీ తగ్గింది. 1960లలో అధ్యక్షుడు జాన్సన్ ప్రకటించిన పేదరిక వ్యతిరేక పోరాటంలో భాగంగా కేంద్ర నిధులు వచ్చాయి. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం తరఫున జాక్ గైగర్ అనే వైద్యుడు 1967లో మౌండ్ బాయూలో ఆరోగ్య కేంద్రం మొదలుపెట్టారు. బోస్టన్‌లోని కొలంబియా పాయింట్ కేంద్రంతో పాటు దేశంలో ఈ తరహా కేంద్రాలకు ఆద్యం ఇదే. ఇంటింటికీ తిరిగి జనాన్ని కూడగట్టిన జాన్ హ్యాచ్ లేకపోతే గైగర్ పని ముందుకు సాగేది కాదు.

ఆరోగ్య కేంద్రానికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఉన్న జబ్బు ఆకలి. వైద్యులు మందుల చీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం రాసిచ్చేవారు. ఆ చీటీ పట్టుకెళితే ఊళ్లోని నల్లజాతి వ్యాపారుల కిరాణా కొట్లలో సరుకులు ఇచ్చేవారు, బిల్లు ఆరోగ్య కేంద్రం మందుల ఖాతాలోంచి చెల్లించేవారు. వాషింగ్టన్ అధికారులు అభ్యంతరం చెప్పారు. పోషకాహార లోపానికి వైద్య గ్రంథాల్లో ఉన్న మందు ఆహారమేనని గైగర్ జవాబిచ్చారు. చీటీలతోనే సరిపెట్టకుండా 1968లో రైతు కూలీలు సహకార సంఘంగా ఏర్పడి భూమి సంపాదించి కూరగాయలు పండించారు. బావులు తవ్వించడం, మరుగుదొడ్లు కట్టించడం కూడా ఆరోగ్య కేంద్రం పనే అయింది.

వీటన్నిటి కన్నా నన్ను ఆకట్టుకునేది బ్యాంకు సంగతి. ఆరోగ్య కేంద్రం జీతాలు, కొనుగోళ్ల డబ్బు ఏదో ఒక బ్యాంకులో వేయాలి. చుట్టుపక్కల బ్యాంకుల ముందు కేంద్రం షరతులు పెట్టింది: మౌండ్ బాయూలో శాఖ తెరవాలి, కౌంటరులో నల్లజాతివారికి ఉద్యోగాలివ్వాలి, ఇళ్ల అప్పుల్లో వివక్ష చూపకూడదు. ఒక బ్యాంకు ఒప్పుకుంది. సొంత బ్యాంకు మూతపడి దశాబ్దాలు గడిచిన ఊరికి అప్పు పుట్టే దారి ఒక ఆరోగ్య కేంద్రం ఖాతా వల్ల మళ్లీ తెరుచుకుంది. సమాజాభివృద్ధికి పెట్టే పెట్టుబడి ఎలా పనిచేయాలో ఇంతకంటే స్పష్టంగా చూపిన ఉదాహరణ నాకు తెలియదు.

దేశమంతటా మార్పు నెమ్మదిగా వచ్చింది. 1930లలో ప్రభుత్వ సంస్థలే నగరాల పటాల మీద నల్లజాతి పేటలను ఎర్ర రంగుతో గుర్తించి, అప్పుకు పనికిరాని ప్రాంతాలుగా ముద్ర వేశాయి. 1973లో షికాగోలో కొందరు సౌత్ షోర్ బ్యాంకును కొని, అటువంటి పేటకే అప్పులివ్వడం తమ వ్యాపారంగా పెట్టుకున్నారు. డిపాజిట్లు తీసుకున్నచోట అప్పులు కూడా ఇవ్వాలని 1977 నాటి కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ చట్టం చెప్పింది. షికాగో నమూనా 1980లలో ఆర్కన్సాకు చేరింది. అప్పుడు అక్కడ గవర్నర్ బిల్ క్లింటన్. అధ్యక్షుడయ్యాక 1994లో సీడీఎఫ్‌ఐ నిధిని ఏర్పరిచే చట్టం మీద సంతకం చేసింది ఆయనే. సౌత్ షోర్ బ్యాంకు మాత్రం ఆర్థిక సంక్షోభం దెబ్బకు 2010లో మూతపడింది.

ఆరోగ్య కేంద్రాలకు వచ్చే కేంద్ర ప్రభుత్వ గ్రాంటు ప్రధానంగా నిర్వహణకే సరిపోతుంది, భవనానికి డబ్బు వేరే వెతుక్కోవాలి. 2000లో వచ్చిన న్యూ మార్కెట్స్ పన్ను రాయితీ అక్కడ అక్కరకొచ్చింది. పేద ప్రాంతంలో గుర్తింపు పొందిన సంస్థ ద్వారా 100 డాలర్లు పెట్టిన మదుపరికి 7 ఏళ్లలో 39 డాలర్ల ఆదాయపు పన్ను తగ్గుతుంది. ఆరోగ్య కేంద్రాలు, కిరాణా దుకాణాలు, చిన్న కర్మాగారాలు ఎన్నో ఇలా లేచాయి. కాకపోతే లాయర్లు, అకౌంటెంట్ల ఖర్చే తడిసి మోపెడవుతుంది కనుక పెద్ద భవనాలకు అందే ఈ డబ్బు వీధి చివరి కొట్టుకు నేరుగా అందదు. ఆ కొట్టువాడికి దగ్గరగా ఉండేది స్థానిక రుణ సంస్థ. అది బతికేది గ్రాంటుతో, తక్కువ వడ్డీకి దొరికే మూలధనంతో.

టాబర్ సంఘం ఆస్పత్రి 1983లో మూతపడింది. గైగర్ కేంద్రం డెల్టా హెల్త్ సెంటర్‌గా నేటికీ నడుస్తోంది. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ న్యూ మార్కెట్స్ పన్ను రాయితీని శాశ్వతం చేసింది. పెద్ద మదుపరులకు మేలు చేసే ఆ భాగం నిలిచింది. చిన్న సంస్థలకు ఊపిరి పోసే గ్రాంట్ల భాగాన్ని కుదించాలని అదే ఏడాది అధ్యక్షుడి ఉత్తర్వు అడిగింది. ఇప్పుడు జరుగుతున్న వాదనంతా ఆ రెండో భాగం మీదే.