లండన్‌లో అమరావతి శిల్పాలు: అపోహలు - వాస్తవాలు

మ్యూజియం రికార్డులు చూసే పని నాది. లండన్ వెళ్లిన మనవాళ్లు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు కనిపించగానే ఫోటో తీసి పంపిస్తారు, వెనకే ప్రశ్నలు. ఎక్కువగా వచ్చేవి ఇవీ.

అపోహ: నిక్షేపంగా ఉన్న స్తూపాన్ని తెల్లవాళ్లు ఊడబెరుక్కుపోయారు.

వాస్తవం: పట్టుకుపోయింది నిజమే. కానీ అప్పటికే స్తూపం దిబ్బగా మారింది. 1790లలో అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తున్నప్పుడు అక్కడి రాళ్లు కట్టడాలకు వెళ్లాయి. చూడ్డానికి పాలరాయిలా ఉన్నా అది పల్నాడు సున్నపురాయి, అందుకే కొన్ని శిల్పాలు బట్టీలో కాలి సున్నమైపోయాయి. 1790లలో ఒకసారి చూసివెళ్లిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి శిల్పాల బొమ్మలు గీయించాడు. కొన్ని శిల్పాలకు ఇవాళ ఆ బొమ్మలే దిక్కు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, 1859లో లండన్ ఓడెక్కాయి. ఎవరినీ అడగలేదు, అధికారం వాళ్లది. ఇలా చెబితే ‘దొరల్ని వెనకేసుకొస్తున్నావా’ అంటారు. లేదండీ, మన చేతులకూ కాస్త సున్నం అంటిందంటున్నా.

అపోహ: శిల్పానికి బ్రిటిష్ మ్యూజియం ఇచ్చిన నంబరులో 1880 ఉంది కాబట్టి తీసుకెళ్లింది అప్పుడే.

వాస్తవం: బాగా చదువుకున్నవాళ్లూ ఇక్కడ పడతారు. 1880,0709 అంటే 1880 జులై 9, ఆ మ్యూజియం రిజిస్టరులోకి ఎక్కిన తేదీ. అంతకుముందు ఇరవయ్యేళ్లుగా అవి లండన్‌లోనే ఉన్నాయి, ఈస్టిండియా కంపెనీ అక్కడ పెట్టిన ఇండియా మ్యూజియం సొత్తుగా. అందుకే నంబరుతో ఆగకుండా ఎవరి నుంచి వచ్చిందో కూడా చదవాలి.

అపోహ: మంచివన్నీ అక్కడే ఉన్నాయి.

వాస్తవం: అన్నిటికన్నా పెద్ద సేకరణ చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. వీసా కోసం క్యూ కట్టేవాళ్లు చెన్నై రైలు మాత్రం ఎక్కరు!

అపోహ: ఆస్ట్రేలియా ఇచ్చింది, గట్టిగా అడిగితే బ్రిటన్ కూడా ఇస్తుంది.

వాస్తవం: 2016లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ తిరిగిచ్చిన, ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పం దొంగదారిన దేశం దాటింది. అమరావతి శిల్పాల సంగతి వేరు. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, ట్రస్టీలు సేకరణలోని వస్తువుల్ని వదులుకోకూడదు. ఇవ్వాలనుకున్నా ముందు చట్టం మారాలి.

అపోహ: విదేశంలో కనిపించిందంటే పోయినట్టే.

వాస్తవం: 2023లో న్యూయార్క్ మెట్ మ్యూజియంలో తెలంగాణలోని మన ఫణిగిరి బౌద్ధ శిల్పాలు చూసి కొందరు కంగారుపడ్డారు. అవి ప్రదర్శనకు అరువుగా వెళ్లినవి. ఎవరు పంపారో లేబుల్ మీదే రాసి ఉంటుంది.